ఇంటిమనిషిని పక్కన పెట్టు

జూన్ 6

పొట్టీ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావు. ఎత్తి ఏం చెయ్యమంటావే? 'హలో' అనేలోపు దగ్గు తెర ముంచుకొస్తోంది. పోనీ ఫోన్లోనే నాలుగు ముక్కలు కొట్టి పంపుదామంటే, ఆ నీలంరంగు ఇన్‌హేలర్ పీల్చాక కాసేపు చేతులు వణుకుతాయి కదా, ఒకటి నొక్కితే ఒకటి పడుతోంది. మొన్న మీ బావకి 'పాలు తెండి' అని పంపబోతే 'పాము తెండి' అని వెళ్లింది. ఆయన బస్సు ఆపి మరీ ఫోన్ చేశారు, ఒంట్లో ఎలా ఉందని. అందుకే ఉత్తరం. కలం పట్టుకుంటే వణికినా నా అక్షరమే పడుతుంది.

ఈసారి ఉబ్బసం రంగుతో మొదలైంది. స్టేషన్లో మైకు గదికి కొత్తగా రంగు వేశారు. కిటికీ తెరుచుకోదు, ఫ్యాను తిరగదు. రైలు ఆలస్యమని చదువుతూ చదువుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయింది. ప్లాట్‌ఫాం మీద జనానికి సగం ప్రకటనే వినిపించింది. పాపం, ఏ రైలు ఆలస్యమో ఎవరికీ తెలియలేదు.

డాక్టరుగారు ఐదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు వేసుకోమన్నారు. రెండోరోజుకే ప్రాణం లేచొచ్చింది. ఆకలి చూడాలి, గిన్నెలు కూడా తినేస్తానేమో అనుకున్నారు ఇంట్లో. మాత్రలు అయిపోతే జబ్బూ అయిపోతుందనుకున్నాను. అవలేదు. తెల్లవారుజామున పిల్లికూతలు అలాగే ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. మళ్లీ వెళ్లి అడిగితే, "గొట్టాల్లో వాపు అంత తొందరగా పోదమ్మా, వారాలు పడుతుంది" అన్నారు.

నా ఇన్‌హేలర్లకి నువ్వు పెట్టిన పేర్లే ఇప్పటికీ వాడుతున్నాను తెలుసా? నీలంది చుట్టం, గోధుమరంగుది ఇంటిమనిషి. చుట్టం అవసరానికి వచ్చి హడావిడి చేసి వెళ్లిపోతుంది. ఇంటిమనిషి రోజూ రెండుపూటలా చాకిరీ చేస్తుంది, చేసినట్టే కనపడదు. డాక్టరుగారి ముందు కూడా నోరుజారి "ఇంటిమనిషిని రెండుపూటలా పీలుస్తున్నానండీ" అన్నాను. ఆయన నాకేసి ఒకలా చూశారు.

నువ్వేం కంగారుపడకు. నా తోడికోడలు వచ్చి ఉంది. మా మరిది ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉంటున్నాడు కదా, ఒక్కతీ అక్కడ ఉండి ఏంచేస్తుంది, సంచీ సర్దుకుని తనే వచ్చేసింది. నాకు బోలెడంత ధైర్యంగా ఉంది.

నీ అక్క

జూన్ 10

అక్కా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. చివరి నాలుగు వాక్యాలు ఇంకోసారి చదివాను.

నీకు ఒంట్లో బాగాలేకపోతే నేను వచ్చేదాన్ని. పోయినసారి వచ్చాను, అంతకుముందూ వచ్చాను. ఆవిరి యంత్రం పక్కన కుర్చీలో కూర్చుని నీ వీపు రాసింది నేను. ఆ మందులకి పేర్లు పెట్టి నిన్ను నవ్వించి, నవ్వించినందుకు తిట్లు తిన్నది నేను. ఈసారి నన్ను ఒక్క మాట రమ్మనలేదు. "నాకు బోలెడంత ధైర్యంగా ఉంది" అని రాశావు. నేను వచ్చినప్పుడు నీకు ధైర్యంగా ఉండేది కాదన్నమాట. ఇన్నాళ్లూ చెప్పలేదేం?

నాకు సెలవు దొరకదని నీకు తెలుసు, నిజమే. షాపులో నాతోపాటు కౌంటర్లో ఉండే అమ్మాయి కాన్పుకి వెళ్లింది. ఓనరుగారు సెలవు అడిగితే సోడాసీసాలా పొంగుతున్నారు. అయినా నువ్వు రమ్మని ఉంటే నేను ఆయనతో పోట్లాడేదాన్ని కదా. పోట్లాడే అవకాశమైనా ఇవ్వాలి కదా.

నిన్న షాపుకి ఒకాయన వచ్చి, "దగ్గుకి మంచిది ఇవ్వమ్మా, చేదుగా ఉండకూడదు, మత్తు రాకూడదు, ధర ఎక్కువ ఉండకూడదు" అన్నాడు. అయితే పంచదార కొనుక్కోండి అన్నాను. ఓనరుగారు విన్నారు. నా మనసు అలా ఉంది మరి.

నీ తోడికోడలు నీ వీపు రాస్తుందా? పైనుంచి కిందికి రాస్తుందా, గుండ్రంగా రాస్తుందా? నీకు గుండ్రంగా రాస్తే చిరాకు. ఆవిడకి తెలుసో తెలియదో. తెలియకపోతే నువ్వే చెప్పుకో, నేను చెప్పను.

పొట్టి

జూన్ 15

పొట్టీ,

నీ ఉత్తరం చదివి నవ్వి, నవ్వినందుకు దగ్గి, దగ్గినందుకు చెల్లి చేత చీవాట్లు తిన్నాను. చెల్లి అంటే నువ్వు కాదు, తోడికోడలు. తనని నేను పిలిచేది చెల్లీ అనే కదా.

తను అడక్కముందే అన్నీ చేస్తోంది. దిండు గలేబులు వేడినీళ్లలో ఉతికింది. తలనూనె వాసన పడదేమోనని ఎక్కడో దాచేసింది, ఇప్పుడు మీ బావకి కూడా దొరకడం లేదు. మందు నేరుగా నోట్లో పెట్టుకుంటే సగం నాలుక మీదే ఉండిపోతుందని, ఆ ప్లాస్టిక్ గొట్టం తగిలించి పీల్చమని పక్కన నిలబడుతుంది. ఇంటిమనిషిని పీల్చాక నోరు పుక్కిలించానా లేదా అని బాత్రూం తలుపు దగ్గర చెవి పెట్టి వింటుంది. లేకపోతే నోరు పూస్తుందట. చిన్నపిల్లనైపోయాననుకో.

"మీ చెల్లెలు ఇవన్నీ చేసేవారా అక్కా?" అని అడిగింది. కొన్ని చేసేది, కొన్ని తెలియవు అన్నాను. "పాపం, రోజూ ఇంట్లో ఉండే మనిషికి తెలుస్తాయి కానీ, దూరాన ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తాయిలెండి" అంది. మంచి మనిషి, ఎవర్నీ ఒక మాట అనదు. కాకపోతే నీ ఉత్తరం వచ్చిన రోజు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యాయి. ఎందుకో మరి.

వీపు గుండ్రంగానే రాస్తోంది. అలవాటైపోయింది, ఇప్పుడు అదే బాగుంది.

నా బదులు మైకులో ఇంకొకావిడ చదువుతోంది. కిటికీ తీస్తే ఇక్కడికి వినిపిస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియదు, ఎక్కడపడితే అక్కడ ఊపిరి తీసుకుంటుంది. అంత ఊపిరి ఉండీ అలా వృథా చేస్తుంటే నాకు కడుపు మండిపోతోంది.

ఒక్క సంగతి చెప్పు. మాత్రలకి నా మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఆ గోధుమరంగుది కూడా స్టెరాయిడేనట కదా. రోజూ పీల్చి పీల్చి దానికి అలవాటు పడిపోతానేమోనని భయంగా ఉంది. డాక్టరుగారిని అడిగితే విసుక్కుంటారు. నువ్వు అన్నేళ్లుగా మందుల షాపులో ఉన్నదానివి, నీకు తెలుస్తుంది. తప్పకుండా రాయి.

అక్క

జూన్ 19

అక్కా,

ఇక్కడ అందరం కులాసా. వాన పడుతోంది. షాపు ముందు నీళ్లు నిలబడి, జనం గుమ్మం అవతలే నిలబడి కేకలేసి మందులు అడుగుతున్నారు. ఒకామె కళ్లలో వేసే చుక్కలు అడిగితే చెవిలో వేసేవి ఇవ్వబోయాను. ఆవిడే చూసుకుని వెనక్కిచ్చింది. ఈ మధ్య నాకు దేనిమీదా ధ్యాస ఉండటం లేదు.

ఓనరుగారు కొత్త కుర్చీ కొన్నారు. ఆయనకే.

నా జుట్టు రాలుతోంది. నీకు చెప్పాలనిపించింది, చెప్పాను. నీకు ఇవన్నీ వినే తీరిక ఉందో లేదో.

వీపు సంగతి చదివాను. సంతోషం.

పొట్టి

తా.క. రాయకూడదనుకున్నాను కానీ ఒక్క ముక్క రాయకపోతే నిద్రపట్టదు. ఆ ఇంటిమనిషి మీద మరీ అంతగా ఆధారపడకు. పొద్దున్నా సాయంత్రమూ నీకు అదే లోకమైపోయింది. అలవాటు పడ్డావంటే తర్వాత వదిలించుకోవడం కష్టం. కొన్నాళ్లు పక్కన పెట్టి చూడు, నీకేమీ కాదు. అవసరమొస్తే చుట్టం ఉండనే ఉంది కదా. ఇంట్లో ఎవరికీ ఈ మాట చెప్పకు.

జూన్ 23

పొట్టీ,

నువ్వు చెప్పావు కాబట్టి ఇంటిమనిషిని పక్కన పెట్టేశాను. నువ్వన్నట్టే ఎవరికీ చెప్పలేదు. మొదటిరోజు ఏమీ తెలియలేదు. ఇప్పుడు కాస్త కష్టంగానే ఉంది, తెల్లవారుజామున లేచి కూర్చోవలసి వస్తోంది. అలవాటు తప్పితే మొదట్లో అంతేనేమో. చుట్టంతోనే నెట్టుకొస్తున్నాను.

నీ మాట మీదే ఉన్నాను. ఎక్కువ రాయలేను.

అక్క

జూన్ 26

నా బంగారు అక్కా,

నీ ఉత్తరం కౌంటర్లోనే నిలబడి చదివాను. చదివి, వచ్చినవాళ్లందరికీ చిల్లర సరిగ్గా ఇచ్చాను. ఓనరుగారు "ఏమ్మా, ఇవాళ మొహం వెలిగిపోతోంది" అన్నారు.

నేను చెప్పగానే విన్నావు చూశావా, అది చాలు నాకు. ఈ పదిహేను రోజులూ కళ్లల్లో నిప్పులు పోసుకుని బతికాను. నువ్వు నన్ను మర్చిపోయావేమో, ఇంక నాతో నీకు పని లేదేమో అనుకున్నాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు, నా కుళ్లు కూడా నీతోనే కదా చెప్పుకోవాలి.

మొదట్లో కష్టంగానే ఉంటుంది. అలవాటు మరి. మనసు పీకుతుంది, మళ్లీ తెచ్చుకోవాలనిపిస్తుంది. తెచ్చుకోకు. గట్టిగా ఉండు. ఇంకో రెండు వారాలు ఓర్చుకున్నావంటే ఈలోగా ఆ కాన్పు అమ్మాయి తిరిగొచ్చేస్తుంది, నేనే వచ్చేస్తాను.

ముద్దులతో,
నీ పొట్టి

జూలై 4

పొట్టీ,

వారం రోజులుగా నీకు కబురు చెయ్యనివ్వలేదు, నేనే వద్దన్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. ముందు కూర్చో.

పోయిన శుక్రవారం పొద్దున్న నీలంది ఎన్నిసార్లు పీల్చినా ఊపిరి అందలేదు. మాట రాలేదు. మీ బావ డ్యూటీలో ఉన్నారు. చెల్లి నన్ను కుర్చీతో సహా గుమ్మం దాకా లాక్కెళ్లి, వీధిలో పోతున్న ఆటోకి అడ్డంగా నిలబడింది. ఆస్పత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు పట్టారు, సూది వేశారు, మూడు రోజులు ఉంచేశారు. మళ్లీ మాత్రలు మొదలు. మళ్లీ గుమ్మడికాయ.

డాక్టరుగారు "తగ్గుముఖం పట్టిన మనిషికి మళ్లీ ఇంత ఎందుకొచ్చింది? గోధుమరంగుది పీలుస్తున్నారా లేదా?" అని గద్దించారు. నేను నోరు విప్పలేదు. చెల్లే అంది, "ఈ మధ్య పుక్కిలింత వినపడటం లేదండీ. బాత్రూంలో కుళాయి తిప్పి ఊరుకుంటున్నారేమోనని అనుమానం వచ్చింది. అప్పుడే గట్టిగా అడగాల్సింది" అని. అంతే, ఆయన నన్ను వదిలేసి తన మీద పడ్డారు. పక్కనే ఉండి ఏం చేస్తున్నావమ్మా, మనిషి పోతే ఎవరు జవాబు చెబుతారు, వార్డంతా వినేట్టు అరిచారు. తను తల వంచుకుని నిలబడింది. ఆపమన్నది ఇంకొకరని నేను చెప్పలేదు. నీ పేరెలా చెప్పను?

నాకు ఒకటే అర్థం కావడం లేదు. అది ఆపకూడని మందు కదా. నేను భయపడి అడిగితే నువ్వు ధైర్యం చెప్పాలి కదా. మందుల షాపులో ఉండి, ఆపెయ్యమని ఎలా రాశావు? పైగా గట్టిగా ఉండు, మళ్లీ తెచ్చుకోకు అని ఇంకో ఉత్తరం. కోపంతో అడగడం లేదు. కాదు, కోపంతోనే అడుగుతున్నాను.

అక్క

జూలై 7

అక్కా,

నేను రాసింది మందు గురించి కాదు.

కౌంటర్ కింద కూర్చుని ఏడ్చాను. ఓనరుగారు నన్ను ఇంటికి పంపేశారు. నీకు ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చింపాను. ఇంటిమనిషి అంటే నీ తోడికోడలు అక్కా. ఆవిడని పక్కన పెట్టమని రాశాను. "రోజూ ఇంట్లో ఉండే మనిషి" అన్న ఆ మాట నన్ను పొడిచింది. ఆవిడ ఇంటిమనిషైతే నేనే కదా చుట్టం! ఉత్తరం ఆవిడ కంటపడినా అర్థం కాకూడదని పేరు పెట్టకుండా తెలివిగా రాశాననుకున్నాను. మన భాషలో ఆడదానికీ మందుబుడ్డికీ ఒకటే 'ఉంది', ఒకటే 'అది'. నా తెలివి తగలెయ్య.

నువ్వు గోధుమరంగుదాని గురించి అడిగావు. ఆ ప్రశ్న నేను చూడను కూడా చూడలేదు. వీపు గుండ్రంగా రాస్తే బాగుందన్నావే, అక్కడే నా కళ్లు ఆగిపోయాయి. నువ్వు పక్కన పెట్టేశానంటే ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లిపోయిందనుకున్నాను. సంతోషంతో ఎగిరాను. నువ్వు ఊపిరాడక లేచి కూర్చుంటుంటే ఇక్కడ నేను ఎగిరాను.

ఇప్పుడు సమాధానం రాస్తున్నాను, చదువు. అది రోజూ పీల్చే మందు. పీల్చేది చాలా కొద్ది మోతాదు, మాత్రల్లా ఒళ్లంతా పాకదు. అలవాటు పడిపోయే మందు కాదు. డాక్టరుగారు చెప్పేదాకా ఎవరు ఆపమన్నా ఆపకు. నేను ఆపమన్నా ఆపకు.

ఇంకొకటి. నాకు పడాల్సిన తిట్లు ఆవిడ తినడమేమిటి? చదువుతుంటే దానిక్కూడా ఒళ్లు మండింది నాకు, చెబుతున్నాను చూడు, ఇంత జరిగాక కూడా. కుర్చీతో లాక్కెళ్లిందీ ఆవిడే, ఆటో ఆపిందీ ఆవిడే, చివరికి నా తిట్లు కూడా ఆవిడకేనా? అవి నావి. సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం మానేస్తానన్నాను, ఇచ్చారు. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాయి. ఆ డాక్టరుగారి ముందు నిలబడి నా తిట్లు నేను తింటాను.

ఆవిడకి ఏం చెబుతావో నీ ఇష్టం. అంతా చెప్పినా ఏమీ అనుకోను.

పొట్టి

జూలై 11

పొట్టీ,

చదివి, నీ పాత ఉత్తరం తీసి ఆ తాజాకలం మళ్లీ చూశాను. తర్వాత నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను, దగ్గు రాలేదు. దగ్గు రాలేదని ఇంకాస్త నవ్వాను. చెల్లి పరిగెత్తుకొచ్చింది.

అబద్ధం చెప్పలేకపోయాను. ఆ తాజాకలం తన చేతికిచ్చి, ఇది మందనుకుని ఆపేశాను, ఇది నువ్వట అన్నాను. తను నిలబడే చదివింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఇంకోసారి చదివింది. ఇంక సంచీ సర్దుకుంటుందనే అనుకున్నాను, ఏం చెప్పి ఆపాలా అని వెతుక్కుంటున్నాను.

"అక్కా, మీ చెల్లెలు నన్ను ఇంటిమనిషి అని రాసిందా?" అంది.

పక్కన పెట్టమని కూడా రాసింది కదా అన్నాను.

"రాస్తే రాసింది. ఇంటిమనిషిని కాకపోతే పక్కన పెట్టమని ఎందుకు రాస్తుంది? పరాయిదాన్నైతే పొమ్మంటే సరిపోయేది కదా" అంది. కళ్లు తుడుచుకుంది. "ఈ ఇంటికి కోడలినై వచ్చిన దగ్గర్నుంచీ ఎవరి నోటా ఆ మాట వినలేదు. అత్తగారు పోయేదాకా నన్ను 'రెండోవాడి పెళ్లాం' అనే అన్నారు. మీరు కూడా మందుకి పెట్టారు గానీ నాకు పెట్టలేదు."

నిజమేనే. నేను కూడా పెట్టలేదు. నువ్వు కుళ్లుకుంటూ పెట్టావు.

ఆ కాగితం నాకు తిరిగివ్వలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది. నీ ఉత్తరం వచ్చిన రోజు గిన్నెలు చప్పుడు కాకపోవడం ఇదే మొదటిసారి.

ఇరవై ఒకటో తారీకు, సోమవారం, డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలి. పిల్లికూతలు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ నిన్న మెట్లు ఆగకుండా ఎక్కాను. నువ్వు ముందురోజు ఆదివారానికి రా. ఈసారి రమ్మంటున్నాను చూడు, ఇదిగో, రా.

అక్క

జూలై 14

అక్కా,

ఆదివారం మధ్యాహ్నం బండికి దిగుతాను.

నా కుళ్లు తగ్గిందనుకోకు. నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది. తిట్టినా మెచ్చుకున్నట్టు తీసుకునే మనిషితో నేనెలా నెగ్గుతాను చెప్పు? నేనైతే ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టేదాన్ని. ఆవిడ దాచుకుంది. నిన్ను ఆవిడకి వదిలిపెట్టడం నావల్ల కాదు, ఆవిణ్ణి నీ దగ్గర్నుంచి పొమ్మనడమూ ఇంక నావల్ల కాదు. ఈ మంట ఇలాగే ఉంటుంది, నేనే ఎలాగో అలవాటు పడతాను.

సోమవారం ముగ్గురం కలిసే వెళ్దాం. డాక్టరుగారు అరవడం మొదలుపెడితే ఆవిడ నోరు తెరవకూడదు, ముందే చెప్పి ఉంచు.

నేనున్న రెండు రోజులూ రాత్రి నీ పక్కన పడుకుంటానని ఆవిణ్ణి అడుగు. పోయినసారి అయితే అడిగేదాన్ని కాదు, చాప తెచ్చి పరిచేసేదాన్ని. ఈసారి అడుగు అక్కా. సరేనంటేనే పడుకుంటాను.

పొట్టి